కోసేసిన వడ్డన సీను

ఇప్పటి పిల్లలు టిక్కెట్టు ఫోన్లో కొనుక్కుని, ఆ ఫోనే చూపించి హాల్లోకి వెళ్లిపోతున్నారు. వెళ్లండి, బాగానే ఉంది. నేను మాత్రం నరసరావుపేటలో ఒక సినిమా హాల్లో ఆడవాళ్ల కౌంటర్లో కూర్చుని టిక్కెట్లిచ్చినదాన్ని. కూర్చుని కూర్చుని అక్కడే రిటైరయ్యాను. కౌంటరంటే మీరేదో అద్దాల గది అనుకునేరు. గోడలో చెయ్యి పట్టేంత కంత. కంతకి అవతల గాజుల చేతులు, ఇవతల నేను. మనిషి మొహం కనపడదు, చెయ్యే కనపడుతుంది. చేతిని చూసి మనిషిని చెప్పేదాన్నని గొప్పలు పోను. అందరివీ చెమట చేతులే.

ఆ ఉద్యోగం నాకు మా నాన్న వల్ల వచ్చింది. ఆయన లారీ డ్రైవరు. హాలు కట్టేటప్పుడు మాచర్ల నుంచి నాపరాళ్లు తోలాడు. ఆ పరిచయం పట్టుకుని, "మా పిల్ల పది పాసయింది. ఇంట్లో ఊరికే కూసుని నామీద అరుస్తంది. ఏదన్నా పని చూడండయ్యా" అని ప్రొప్రయిటరు గారిని అడిగాడట. సినిమా హాల్లో ఆడపిల్లా అని చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. "మీ ఆడోళ్లకి టిక్కెట్టు మగోడి చేత్తో ఇప్పిస్తే బాగుంటదా?" అన్నాడు నాన్న. ఆ తర్వాత ఎవరూ కిక్కురుమనలేదు. కొన్నాళ్లకి ఆ ముక్కున వేలేసుకున్నవాళ్లే పాసులివ్వమని నా దగ్గరికి వచ్చేవాళ్లు.

ఎనభైల్లో మా హాలుకి ఒక కొత్త మేనేజరు వచ్చాడు. తణుకు దగ్గర ఏదో పల్లెటూరు ఆయనది. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, నోరు తెరిస్తే "అలాగేనండి". నేల టిక్కెట్టు కొన్నవాడు తాగి వచ్చి బాల్కనీలో కూర్చుంటానని గొడవ చేస్తే, మా పాత మేనేజరైతే చొక్కా పట్టుకుని ఈడ్చేవాడు. ఈయన, "తప్పకుండానండి, మీరు కూర్చోవలసినవారేనండి, ఒక్కసారి ఇలా దయచేయండి" అంటూ భుజం మీద చెయ్యేసి నడిపించుకుపోయేవాడు. గేటు బయట చల్లగాలి తగిలాక గానీ తాగినవాడికి తాను హాల్లో లేనన్న సంగతి తెలిసేది కాదు. మేమంతా చూసి నోరెళ్లబెట్టేవాళ్లం.

మా ఆపరేటరు మాత్రం ఆయనంటే ఒంటికాలి మీద లేచేవాడు. ఆ పెద్దాయన్ని నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ప్రొజెక్టరు గదిలో వేడికి బనీనుతో ఉండి, కిటికీలోంచి తల బయటపెట్టి ఊరందరినీ తిట్టడం ఆయన అలవాటు. "ఏం మనిషే అమ్మాయ్, అవునో కాదో తేల్చడు! రీలు మార్చమంటావా అంటే 'మీ ఇష్టమండి' అంటాడు. నా ఇష్టమైతే నేను ఇంటికాడ పడుకుంటా" అనేవాడు.

ఆ తేల్చని మనిషికి నామీద మనసైంది. నాకు ఎలా తెలిసిందంటే, నా గదిలోకి ఎవరూ అడక్కుండానే ఒక టేబుల్ ఫ్యాను వచ్చింది. వచ్చాక రోజూ తలుపు దగ్గర నిలబడి "గాలి తగులుతోందాండీ?" అని అడిగేవాడు. కొన్ని నెలలు గాలి గురించే మాట్లాడుకున్నాం. ఆఖరికి ఒకరోజు, "మీకు అభ్యంతరం లేకపోతే మా అమ్మగారితో ఓ మాట అందామనుకుంటున్నానండి" అన్నాడు.

"ఏం మాట?"

"అదేనండి."

"ఏదదే?"

"మరి... మన విషయమండి."

నాకు ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. "పెళ్లి చేసుకుంటానంటన్నారా? ఆ ముక్క అనడానికి ఇంత తిప్పాలా? నాకిష్టమే. మా నాన్నని మీరే అడగాలి. ఇట్టా డొంకతిరుగుడుగా కాదు, సూటిగా అడగాలి" అన్నాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

కులం ఒకటే కాబట్టి ఆ తగువు లేదు. తగువంతా జిల్లాలదే. నాన్న లారీ వేసుకుని గోదావరి వైపు చాలాసార్లు వెళ్లినవాడు. "మర్యాదలకేం, చంపుతారు. కడుపులో మాట మాత్రం బయటికి రానియ్యరు. నాకు అట్టాంటోళ్లతో పొసగదు" అనేవాడు. అలాంటి మనిషి ముందు ఈ "అదేనండి" మనిషి నిలబడాలి. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. ఆయనంటే నాకు చాలా ఇష్టం. ఈ వయసులో ఆ మాట రాయడానికి నాకేం సిగ్గు లేదు.

సరిగ్గా అప్పుడే ఆ సినిమా వచ్చింది. పేరెందుకు లెండి. గోదావరి అబ్బాయి, పల్నాటి అమ్మాయి. ప్రేమ, పెద్దల పంతాలు, పాటలు, చివరికి అందరూ కలిసి ఫోటో దిగడం. గుంటూరులో విరగబడి ఆడుతోందని ఎడ్లపాడు నుంచీ చిలకలూరిపేట నుంచీ బస్సులెక్కి పోయి చూసొచ్చారు జనం. ప్రింటు మాకు చేరేసరికి కథంతా ఊరందరికీ కంఠతా వచ్చు.

అందులో నవ్వులన్నీ రెండు వడ్డనల మీద ఉన్నాయి. మొదటిదాంట్లో పల్నాటి మామ గోదావరి వియ్యంకుడింటికి భోజనానికి వెళతాడు. ఆయన చాలంటే వడ్డిస్తారు, వద్దంటే వడ్డిస్తారు, విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడితే చేతుల మీదే పప్పు పోస్తారు. రెండోదాంట్లో గోదావరి అల్లుడు పల్నాటి మామగారింటికి వస్తాడు. ఒకసారి వడ్డించగానే మర్యాదకి "చాలండి, వద్దండి" అంటాడు. ఇంకోసారి అడుగుతారు కదా, అప్పుడు తిందాంలే అని అతని ధీమా. మామ వెంటనే గిన్నె తీసేయిస్తాడు. "ఒద్దన్నాడుగా!" అంటాడు. అల్లుడు పాపం కడుపు మాడ్చుకుని, గిన్నె వెళ్లినవైపే చూస్తూ కూర్చుంటాడు.

ప్రింటు వచ్చిన రోజు ఉదయం మాకు వేసి చూపించారు. మేనేజరు ఈ రెండో వడ్డన చూసి చెమటలు కక్కాడు. "పల్నాడు వాళ్లు అన్నం పెట్టరని ఈ ఊళ్లో తెర మీద చూపిస్తే ఊరుకుంటారాండీ? తెర చింపేస్తారండి" అన్నాడు. బాబాయ్ వద్దని మొత్తుకున్నాడు. నేనూ వద్దన్నాను. మాకు తెలుసు, ఆయన భయం తెర గురించి మాత్రమే కాదు. నాన్న మొదటి రోజే వస్తాడు. చూసి, గోదావరి వాళ్లు మమ్మల్ని ఇంత మాటన్నారా అని అక్కడికక్కడే తలుపులు మూసేస్తాడేమోనని ఆయన గుబులు. చివరికి ఆ ముక్క కోయించి పక్కన పెట్టించాడు. ఆయన మేనేజరు గారయ్యె, మేం ఉద్యోగులం.

మ్యాట్నీకి జనం కిటకిటలాడారు. నా కంతలో చేతులు మీదపడి కొరికేస్తాయేమో అన్నట్టు వచ్చాయి. టిక్కెట్లు అయిపోయాక నేను కూడా లోపలికి వెళ్లి ఆడవాళ్ల వెనక నిలబడ్డాను. నాన్న తోటి డ్రైవర్లని వెంటేసుకుని బెంచీల్లో కూర్చున్నాడు. మొదటి వడ్డనకి హాలు అదిరిపోయింది. చేతుల మీద పప్పు పోసినప్పుడు నాన్న పక్కవాడి వీపు మీద బాదుతూ, "నాకూ ఇట్టానే పోశార్రా తణుకులో!" అని అరిచాడు.

ఇంటర్వెల్ అయింది. అల్లుడు పల్నాడు వచ్చాడు. విస్తరి ముందు కూర్చున్నాడు. మరుక్షణం ఊరి బయట పాటెత్తుకున్నాడు.

నాన్న లేచి నిలబడ్డాడు. "ఒరేయ్! మా వడ్డనేదిరా?"

అంతే. బెంచీలు బాదారు, ఈలలేశారు, చెప్పులు గాల్లోకి లేచాయి. బాబాయ్ ప్రొజెక్టరు ఆపి లైట్లు వేయించి, కిటికీలోంచి తల బయటపెట్టి, "నన్నడగమాకండి, ఆ పెద్దమనిషిని అడగండి!" అని మేనేజరుని చూపించాడు. నమ్మకద్రోహం అంటారు గానీ, ఆ కేకలకి ఎవరైనా అదే చేస్తారు.

మేనేజరు తెర ముందుకి వెళ్లి నిలబడ్డాడు. ఇక చూడండి, రీలు తెగిందండి, కరెంటు పోయిందండి అంటాడని నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

"నేనే కోయించానండి" అన్నాడు.

ఆ మనిషి నోట సూటిగా ఒక మాట రావడం అదే మొదటిసారి.

"ఎందుక్కోశావు?" అన్నాడు నాన్న.

"మీరు అన్నం పెట్టరని అన్నట్టుంటుందండి. చూసి నొచ్చుకుంటారని కోశానండి."

"నొచ్చుకునేదేందయ్యా? ఒద్దన్నోడికి పెట్టం. నిజమేగా!" హాలంతా గొల్లుమంది. నాన్న ఆగలేదు. "పెళ్లిలో వియ్యాలోరిని ఎకసెక్కాలాడకుండా బంతి లేపుతారా యాడన్నా? ఇందాక మీ గోదావరోళ్లని చూసి పగలబడి నవ్వామే. ఇప్పుడు మా వంతు వస్తే మూసి పెడతావా? ఎకసెక్కం ఆడకుండా ఎవుణ్ణి వదిలేస్తారో తెలుసా? పరాయోణ్ణి. మేం పరాయోళ్లమా?"

"కాదండి" అన్నాడు మేనేజరు.

"అయితే అతికించు పో!"

బాబాయ్ అతికించాడు. హాలంతా ఓపిగ్గా కూర్చుంది. గిన్నె తీసేయించి మామ "ఒద్దన్నాడుగా!" అనగానే నాన్న నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుని, కళ్లు తుడుచుకుని, ఇంకోసారి వెయ్యమన్నాడు. ఇంకోసారి వేశారు. ఆ సినిమా ఆడినన్నాళ్లూ ఆ ముక్క మా హాల్లో రెండుసార్లు వేయాల్సి వచ్చింది.

ఆట వదిలాక నాన్న ఆఫీసు గదికి వచ్చాడు. నేను గుమ్మంలో ఉన్నాను. "చేసింది తిక్కపని. ఒప్పుకున్న తీరు బాగుంది" అన్నాడు మేనేజరుతో. ఆ మాట ఇచ్చిన ధైర్యం కాబోలు, ఆయన ఊపిరి బిగబట్టి, "మీ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానండి" అన్నాడు. నాన్న నావైపు చూశాడు. నేను తల ఊపాను. "ఇస్తా. మీ అమ్మగారిని రమ్మను" అన్నాడు. మా వాళ్ల పద్ధతి అదీ. లారీ కిరాయి మాట్లాడుకోవడానికే ఇంకాస్త ఎక్కువ సేపు పడుతుంది.

మేనేజరుకి తండ్రి లేడు. అమ్మగారిదే ఆ ఇంట్లో మాట. కబురందిన వారానికి ఆవిడ వచ్చింది. జరీ అంచు చీర, చల్లని మొహం, బస్సు దిగి నన్ను చూడగానే "ఏమ్మా, చిక్కిపోయావే" అంది. నన్ను అదే మొదటిసారి చూడటం. ఆవిడ అప్పటికే ఆ సినిమాని వాళ్ల జిల్లాలో చూసిందట. మాటల్లో తేలిందేమిటంటే, అక్కడి హాలువాళ్లు కూడా మా మేనేజరు లాంటి తెలివైనవాళ్లే. చేతుల మీద పప్పు పోసే ముక్క చూపిస్తే ఊరివాళ్లు నొచ్చుకుంటారని అది కోసేసి, గిన్నె తీసేసే ముక్క మాత్రం ఉంచారు. ఆవిడ చూసిన సినిమాలో గోదావరి వాళ్లు దేవుళ్లు, మేం అల్లుడికి అన్నం పెట్టని వాళ్లం.

అందుకే మేనేజరు ఆవిణ్ణి మా హాల్లో మొత్తం సినిమా చూడమన్నాడు. బాల్కనీలో ఆవిడ మధ్యలో, నేనొకవైపు, నాన్న ఇంకోవైపు. పప్పు పోసే సీను వచ్చింది. హాలు విరగబడి నవ్వుతుంటే ఆవిడ బిగుసుకుపోయింది. "ఇది మా ఊళ్లో లేదే?" అంది నా చెవిలో.

"మీరు నొచ్చుకుంటారని తీసేసుంటారండి" అన్నాను. నా నోరు అంతే.

"మాకంత చిన్న మనసా?" అంది ఆవిడ కోపంగా. ఆ కోపం చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. అచ్చం మా నాన్న మాటే కదా! తర్వాత మా సీను వచ్చి నాన్న తననే చూసుకుని పడీ పడీ నవ్వుతుంటే ఆవిడ కూడా పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇక కుదిరిపోయిందనే అనుకున్నాను.

ఆట అయ్యాక ఆఫీసు గదిలో కూర్చున్నాం. బాబాయ్ చొక్కా తొడుక్కుని మరీ వచ్చి టీలు అందించాడు. నాన్న సూటిగా మొదలుపెట్టాడు. "అమ్మా, మా పిల్లని మీవాడికి ఇద్దామనుకుంటన్నాం. మీకు ఇష్టమేనా?"

ఆవిడ పైట సర్దుకుంది. గోడమీద పోస్టరు వైపు చూసింది. "అబ్బే, ఎక్కడ పల్నాడండీ, ఎక్కడ మా ఊరు. మీ తిండి వేరు, మా తిండి వేరు. మాకెలా కుదురుతుందండీ? వద్దులెండి" అంది మెల్లగా.

నాన్న ఒక్క నిమిషం ఆవిడ వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం లేదు. నిజం చెప్పాలంటే మర్యాద కనపడింది. "సరేనమ్మా. మొహమాటం లేకుండా చెప్పారు, సంతోషం. నేను అటోళ్లు ఇట్టా చెప్పరనుకునేవాణ్ణి" అన్నాడు. లేచి, చేతులు జోడించి, బయటికి వెళ్లిపోయాడు. ఆవిడ ఆయన వెళ్లిన గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయింది. భారం దిగింది కాబోలు అనుకున్నాను.

మేనేజరు నా వెనకే వరండాలోకి వచ్చాడు. "మీరేమంటారండి?" అన్నాడు.

"మీ అమ్మగారు చెప్పారుగా."

ఆయన ఏదో అనబోయి ఆగాడు. "అలాగేనండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఫస్ట్ షోకి టిక్కెట్లిస్తూ ఏడ్చాను. నా కంతలోంచి లోపలి మొహం కూడా ఎవరికీ కనపడదు. అదొక్కటే ఆ ఉద్యోగంలో ఉన్న సుఖం. బాబాయ్ వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఎవరిని తిట్టాలో తెలియక ఫ్యానుని తిట్టి వెళ్లాడు. సినిమా ఇంకా చానాళ్లు ఆడింది. గోడకి అవతల రోజుకి నాలుగు ఆటలు జనం నవ్వేవాళ్లు. నాకు ఆ నవ్వు వింటే చెవులు మూసుకోవాలనిపించేది.

కొద్దిరోజులకి మేనేజరు వాళ్ల జిల్లాలోనే ఇంకో హాలుకి వెళ్లిపోయాడు. వెళ్లేముందు చెప్పడానికి వచ్చి, గాలి తగులుతోందా అని కూడా అడగలేదు. నాకు మాచర్ల సంబంధం కుదిరింది. చూపులనాడు ఆయన "నచ్చింది" అన్నాడు, నేను "సరే" అన్నాను. మంచి మనిషి, ఏ లోటూ చెయ్యలేదు. నా ఉద్యోగం కోసం ఆయనే నరసరావుపేట వచ్చి స్థిరపడ్డాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు.

అప్పుడొచ్చింది ఆ కబురు. మా హాలుకి పాత ప్రొజెక్టరు సామానేదో కావాల్సి వచ్చి, కొనడానికి బాబాయ్ అటువైపు వెళ్లాడు. పని చూసుకుని మేనేజరు వాళ్లింటికి కూడా వెళ్లాడట. ఆ తల్లి భోజనం పెట్టకుండా పంపలేదట. తింటుండగా నా సంగతి అడిగిందట. పెళ్లయిందని తెలిసి నిట్టూర్చి ఆవిడ అన్న మాటలు బాబాయ్ నాకు ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు.

"ఆ పిల్ల నాకు నచ్చిందండి. మగపిల్లాడి తల్లిని, అడగ్గానే ఎగబడి ఊఁ అంటే ఏం బాగుంటుందండీ? ఓమాటు వద్దన్నాను. ఆడపిల్లవాళ్లు ఇంకోమాటు అడగరూ? అడిగితే అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చేసుకుందామని పసుపు, కుంకం, చీర అన్నీ సంచీలో పెట్టుకునే వచ్చాను. ఆయన దణ్ణం పెట్టి చక్కా పోయాడు. ఏం పొగరండీ మీవాళ్లకి! ఆ సంచీ అలాగే తిరిగి పట్టుకెళ్లాను."

అరగంట ముందు తెరమీద గిన్నె తీసేయించిన మామని చూసి, ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వినవాళ్లమే ఆ గదిలో ఉన్నవాళ్లందరం. మేనేజరుకి తెలుసు తన తల్లి సంగతి. అమ్మ బతిమాలించుకుంటోందని నాతో చెప్పినా ఆవిడ పరువు పోతుందని ఊరుకుని ఉంటాడు. మర్యాద కదా!

ఆ రోజు సాయంత్రం నాన్నకి చెప్పాను. చెప్పకుండా ఉంటే పోయేది. కానీ నేను ఆయన కూతుర్ని, కడుపులో పెట్టుకోవడం చేతకాలేదు. అప్పటికి ఆయన లారీ మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు. అరుగుమీద కూర్చుని బీడీ వెలిగించబోతూ ఆగిపోయాడు.

"చీర కూడా తెచ్చిందా?"

"తెచ్చిందంట."

"మరి ఒద్దన్నదేందే?"

ఆయన బీడీ వెలిగించకుండానే పక్కన పడేశాడు. "అయితే ఇంకోసారి అడగాల్సిందా?" అన్నాడు.

"అడగాల్సిందే."

"నేనంటే తిక్కలోణ్ణి. నువ్వు ఆ సినిమాని పొద్దస్తమానం ఇన్నదానివి గదే. నీకన్నా తట్టలేదా?"

"నాకూ ఒద్దనే వినబడింది నాన్నా."